ఇటుకల గోడ ఆట: పాఠాంతర విమర్శ

పగలెల్ల పిల్లలకు సంస్కృతమును ఇంగ్లీషును బోధించి, నలువదియేండ్లు దాటిన వయస్సున, రాత్రివేళ టీవీముందు చతికిలబడి బంతితో ఇటుకలు పగులగొట్టు ఉపాధ్యాయుని చూచినచో చదువరులు నవ్వక మానరు. నవ్వుడు. మేమును మొదట నవ్వుకొన్నవారమే. కాని మూడేండ్లుగా ఈ యాటయొక్క వేర్వేరు రూపములను సేకరించి, సరిపోల్చి, నోటుబుక్కున వ్రాసికొనుచు వచ్చితిమి. దానివలన తేలిన సంగతి ఆటకు మాత్రమే చెందినది కాకపోవుటచే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఆట యింతే. తెర పైభాగమున రంగురంగుల ఇటుకల గోడ. అడుగున అటునిటు జరుగు చిన్నపలక. నడుమ ఒక బంతి. బంతి పలకకు తగిలి పైకెగిరి ఇటుకను తాకును. తాకిన యిటుక మాయమగును. బంతి క్రిందికి దిగును. పలక నడ్డుపెట్టి దానిని మరల పైకి పంపవలెను. తప్పినచో ఆ బంతి పోయినట్లే. అయిదేండ్ల బిడ్డకును ఒక్క నిమిషములో బోధపడును. ఏబదియేండ్ల వానికిని పూర్తిగా లొంగదు.

1976 మొదలు ఈ యాటకు పుట్టిన రూపములకు లెక్కలేదు. పాత ఆటయంత్రములను సేకరించువారికి ఏది మూలమునకు సన్నిహితము, ఏది కొనదగినది, ఏది పేరునకు మాత్రమే ఆ యాట, అని తెగని వాదములు. తాళపత్ర ప్రతులను ప్రక్కప్రక్క పెట్టి పాఠాంతరములు గుర్తించు పద్ధతి మాకు గురువులవలన అబ్బినది. ఆ పద్ధతినే ఇచ్చట ప్రయోగించితిమి.

మూలప్రతి అమెరికాలోని అటారీ సంస్థవారు 1976లో వెలువరించిన బ్రేకవుట్. అది ఇంటిలో ఆడునది కాదు. నాణెము వేసి ఆడు పెట్టె. ఆ సంస్థవారే 1972లో పాంగ్ అను బంతియాటతో పేరొందియుండిరి. పాంగ్ ఆడుటకు ఇరువురుండవలెను. ఆ రెండవవానిని తొలగించి వానిస్థానమున గోడను నిలిపినచో ఒంటరివాడును ఆడుకొనగలడనుట నోలన్ బుష్నెల్, స్టీవ్ బ్రిస్టో అనువారి యూహ.

ఆ మూలములో గోడకు 8 వరుసలు, వరుసకు 14 ఇటుకలు, వెరసి 112. అడుగున రెండు వరుసలు పసుపు, వానిపై రెండు ఆకుపచ్చ, ఆపై రెండు నారింజ, శిఖరమున రెండు ఎరుపు. ఇటుకకు వరుసగా 1, 3, 5, 7 పాయింట్లు. ఒక గోడ నిశ్శేషముగా కూలినచో 448. రెండవ గోడయు కూలినచో 896. అంతటితో సరి, మూడవ గోడ లేదు. ఆడువానికి మూడు బంతులు. నాలుగవ దెబ్బకు ఒకసారి, పండ్రెండవ దెబ్బకు ఒకసారి, నారింజ, ఎరుపు వరుసలు తగిలినపుడు మరల, బంతి వేగము హెచ్చును. బంతి ఎరుపు వరుసలను చీల్చుకొనిపోయి పై అంచును తాకెనా, పలక సగమైపోవును. గెలుపు దగ్గరపడినకొలది చేతిలోని పనిముట్టు చిన్నదగుట ఈ యాటలోని క్రూరమైన చమత్కారము.

రంగులన్నచో యంత్రము పుట్టించినవి కావు. తెర తెలుపు నలుపు తెరయే. దానిపై రంగు సెల్లఫేను పట్టీలు అంటించిరి. ఇంకొక విశేషము, ఆ యంత్రములో ప్రోగ్రామే లేదు. చిన్నచిన్న చిప్పులను ఒకదానితో నొకటి కలిపిన అమరికయే ఆట. కావున ప్రోగ్రామును నకలుతీసి కంప్యూటరులో నడుపు సామాన్యమార్గము దీనికి చెల్లదు. ఒక్కొక్క చిప్పు చేయు పనిని అనుకరించి ఆటను తిరిగి పుట్టింపవలెను. డైస్ అను అనుకరణ ప్రోగ్రాము అట్లే చేయుచున్నది. మేము మూలమును చూచినది ఆ మార్గముననే.

ఈ మూలమునకును ఒక మాతృక కలదు. అది వెలుగు చూడలేదు. చిప్పుల సంఖ్య తగ్గించి యంత్రమును కూర్చుమని అటారీవారు స్టీవ్ జాబ్స్ అను యువకునకు అప్పగింపగా, ఆతడు తన మిత్రుడు స్టీవ్ వోజ్నియాక్‌ను పిలిచెను. వోజ్నియాక్ హ్యూలెట్ పాకార్డ్‌లో పగటి కొలువు చేసికొనుచు, నాలుగు రాత్రింబవళ్ళలో ఏబదికంటె తక్కువ చిప్పులతో పని ముగించెను. ఆ కూర్పు మిక్కిలి బిగువైనదగుటచే కర్మాగారమునకు పనికిరాక, అటారీవారు వేరొక కూర్పు చేసికొని దానినే అమ్మిరి. పని జీతములో సగమని తనకు 350 డాలర్లు మాత్రమే ముట్టినవనియు, చిప్పులు తగ్గించినందుకు వచ్చిన పెద్ద బహుమానము మాట తనకు చెప్పలేదనియు వోజ్నియాక్ తరువాత చెప్పెను. జాబ్స్ దాని నొప్పుకొనలేదు. తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఆటను కూర్చినవాని చేతిపని ఆట ఆడిన ఏ పెట్టెలోను లేదనునది సేకరించువారు మరువరాని మాట. ఆ చేయి మనకు దొరకునది 1977లో వెలువడిన ఆపిల్ 2 కంప్యూటరునందు. దానిలో రంగును, ధ్వనిని, త్రిప్పెడి నాబులను బ్రేకవుట్ ఆడుటకొరకే చేర్చితినని వోజ్నియాక్ స్వయముగా చెప్పుకొన్నాడు.

ఇక గృహప్రతి. 1978లో అటారీవారు ఇంటి టీవీకి తగిలించు యంత్రమునకై బ్రేకవుట్ క్యాసెట్టు నిచ్చిరి. బ్రాడ్ స్టివర్ట్ వ్రాసినది. ఇందు గోడకు 6 వరుసలే. వరుసకు 18 ఇటుకలు. పాయింట్లు 1, 4, 7. గోడకు 432, రెండు గోడలకు 864. బంతులు అయిదు. వరుసలు తగ్గి బంతులు పెరుగుటచే ఇది మెత్తబడిన పాఠమని కొందరి యాక్షేపణ. మేమొప్పుకొనము. ఇందలి ఆటవిధములు పండ్రెండు. ఒకదానిలో బంతి ఇటుకలకు తగిలి వెనుదిరుగక గోడను దొలుచుకొనుచు పోవును. ఒకదానిలో గోడ కనబడదు. ఇటుక పగిలినపుడు మాత్రము క్షణకాలము మెరసి మాయమగును. ఇది సంక్షేపము కాదు, వ్యాఖ్యానము. సియర్స్ దుకాణములవారు ఈ యాటనే బ్రేకవే ఫోర్ అను పేర అమ్మిరి. రెండు పేర్లను చూచి రెండు ఆటలని భ్రమించి రెండింటికి వెల పెట్టవలదు.

1978లోనే సూపర్ బ్రేకవుట్ పెట్టె వచ్చినది. ఇది ప్రోగ్రాము గలది. ఒక విధమున రెండు పలకలు, రెండు బంతులు. ఒక విధమున గోడలో బందీలైన రెండు బంతులను విడిపింపవలెను. ఒక విధమున గోడయే మెల్లగా క్రిందికి దిగివచ్చును. జపానులో ఈ జాతి ఆటలను బ్లాక్ కుజుషి అందురు; దిమ్మెలను కూల్చుట యని యర్థము. ఆ యేడే అచ్చట స్పేస్ ఇన్వేడర్స్ ఆటను కల్పించిన తొమొహిరో నిషికాదో తనకు బ్రేకవుట్ ప్రేరణ యని చెప్పియున్నాడు. ఇటుకలకు కాళ్ళు మొలిచి తిరిగి కాల్చినచో ఆ యాటయే కదా! 1979లో నింటెండోవారు ఇంటికొరకు చేసిన బ్లాక్ కుజుషి యంత్రమునకు పై పెట్టెను తీర్చినవాడు, తరువాత జగత్ప్రసిద్ధుడైన షిగెరు మియామొతో.

1986లో టైటోవారి ఆర్కనాయిడ్ వచ్చి మూలమును పురాణముగా మార్చెను. పలక వాస్ అను ఆకాశనౌక యైనది. పగిలిన ఇటుకలనుండి బిళ్ళలు రాలును. ఒకటి పలకను పొడిగించును, ఒకటి బంతిని అంటిపెట్టుకొననిచ్చును, ఒకటి బంతిని మూడు చేయును, ఒకటి తుపాకి నిచ్చును. వెండి ఇటుకలు ఒక్క దెబ్బకు పగులవు. బంగారు ఇటుకలు ఎప్పటికిని పగులవు. 33వ అంకమున డో అను పెద్దతల ఎదురగును. మూలములో ఒకే గోడ. ఇందు అంకమునకొక గోడ. పండితులు దీనిని ప్రక్షిప్తమందురేమో. మాకు మాత్రము సత్కవి చేసిన పెంపువలె తోచినది.

ఇంతవరకు అమెరికా, జపాను దేశముల కథ. మా యూరికి ఈ యాట ఈ రూపములలో ఏదియు రాలేదు. గుంటూరు జిల్లాలోని మా యింటికి 1993లో మా నాయనగారు ఒక టీవీ గేము కొనితెచ్చిరి. అది జపాను యంత్రమునకు నకలని అప్పుడు మేమెరుగము. దానితో వచ్చిన క్యాసెట్టులో పదులకొలది ఆటలు. అందులో ఆర్కనాయిడ్ ఒకటి. నాబు లేదు, ఎడమకు, కుడికి నొక్కు మీటలు మాత్రముండెను. పిమ్మట కొంతకాలమునకు తిరునాళ్ళలో బ్రిక్ గేమనెడి చేతియంత్రములు దొరకినవి. బూడిదరంగు తెరపై నల్లగళ్ళతో పది పలుకల గోడ, దానికిని మీటలే. ఆ తరువాత నెట్టు సెంటర్లలో డీఎక్స్-బాల్ ఆడితిమి. 1996 నాటి ఆ కంప్యూటరాటలో పలకను మౌసు నడుపును. ఆ సెంటరులో గంటకింత యని చెల్లించిన డబ్బులో సగము ఆ పలక తినివేసినది.

ఈ ప్రతులన్నిటిని ప్రక్కప్రక్క పెట్టినపుడు మాకు తోచిన సిద్ధాంతమిది. ఇటుకల సంఖ్య, రంగులు, బిళ్ళలు, అంకములు, ఇవి పాఠాంతరములు మాత్రమే. ఆటకు ప్రాణము నాబు. నాబు చోటును చెప్పును. మీట నడకను మాత్రమే చెప్పును. రేడియోలో స్టేషను పట్టునట్లు నాబును ఇంత త్రిప్పినచో పలక ఇచ్చటనుండునని చేతికి తెలియును. నెమ్మదిగా త్రిప్పిన నెమ్మదిగాను, విసరి త్రిప్పిన విసరుగాను పోవును. మీట నొక్కినచో పలక తన నడకతో తాను పోవుచునేయుండును. ఆపుటకు మరల ఆలోచింపవలెను. పలకపై బంతి ఎచ్చట తగిలినదో దానినిబట్టియే అది ఎగురు కోణము. ఆ వ్రేలెడు తేడాను మణికట్టు తెలిసికొనగలదు, మీట తెలిసికొనలేదు. మీటలతో ఆడు ఇటుకలాట ఛందస్సు విడిచి వచనములో చెప్పిన పద్యమువంటిది. కథ యుండును, నడక యుండదు. టైటోవారికి ఇది తెలియును. అందుకే నింటెండో యంత్రమునకు ఆర్కనాయిడ్ అమ్మినపుడు దానితో ప్రత్యేకముగా నాబు గల చేతిపనిముట్టును జతచేసిరి. మౌసు ఈ విషయమున నాబునకు దగ్గరి చుట్టము.

కావున సేకరించు మిత్రులకు మా మనవి. క్యాసెట్టు అట్టపెట్టె నలగకుండుటకంటె నాబు నలగకుండుట ముఖ్యము. అటారీ నాబులో అర్ధచంద్రాకారపు బొగ్గుపూత పట్టీ యొకటి యుండును. త్రిప్పినకొలది దాని విద్యున్నిరోధము మారును. ఆ నిరోధముగుండ ఒక కెపాసిటరు నిండుటకు పట్టు కాలమును లెక్కించి యంత్రము పలకను నిలుపును. పట్టీపై దుమ్ము చేరినచో పలక జ్వరము వచ్చినవానివలె వణకును. విప్పి స్పిరిటు దూదితో తుడిచిన చాలును. వెల చెల్లించుటకు ముందు ఇంకొకటి గమనింపవలెను: కార్ల పందెపు ఆటకై చేసిన నాబులు చూపునకు వీనివలెనే యుండును; అవి హద్దులేక గిరగిర తిరుగును, ఈ యాటకు పనికిరావు. మరియు నేటి పలుచని టీవీలు పాత బొమ్మను సవరించి చూపుటకు రెప్పపాటు కాలము తీసికొనును. ఆ రెప్పపాటులో బంతి పోవును. పాత గాజుబుడ్డి టీవీయే దీనికి తగినది.

మా పూర్వశిష్యుడొకడు అమెరికానుండి వచ్చుచు అటారీ యంత్రమును, రెండు క్యాసెట్లను, నాబుల జతను తెచ్చియిచ్చెను. రిపేరుషాపులో బహుపద్ధతుల పాత టీవీ దొరకినది. ఆ షాపు మేస్త్రీయే తీగెలు కలిపి బొమ్మ తెప్పించెను. ఇంత శ్రమపడి కూర్చిన సామగ్రిని మేమేమి చేసితిమి? అద్దపు బీరువాలో పెట్టి తాళము వేసితిమి. పండ్రెండేండ్ల మా అమ్మాయి రెండుసార్లడిగినది. “పాతవస్తువమ్మా, పాడైతే దొరకదు” అని చెప్పితిమి. మూడవసారి అడుగలేదు. బడిలో గ్రంథాలయపు బీరువాలకు తాళములుండరాదని ప్రధానోపాధ్యాయునితో వాదించినవారము మేమే!

గతించిన దసరాకు మా అక్కయ్య వచ్చినది. మాకంటె అయిదేండ్లు పెద్దది. బీరువాముందు నిలిచి, “తాళం ఎందుకురా?” అని అడిగెను. బొగ్గుపట్టీ మాట, అరిగిపోవు మాట, అమెరికానుండి తెచ్చిన మాట విస్తరించి చెప్పితిమి. అంతయు విని, కోపము లేకుండ, “నా చిన్నప్పుడూ ముట్టుకుంటే పాడవుతుందనే అన్నారు. ఇప్పుడూ అదే మాటా?” అనెను.

1993 నాటి వేసవి మా కన్నులయెదుట నిలిచినది. టీవీ గేము మా అన్నయ్యకును మాకును. అక్కయ్య రుబ్బురోటివద్ద పిండి రుబ్బి, చేతులు కడిగికొని, గుమ్మమువద్ద నిలిచి చూచుచుండెడిది. ఎవ్వరును ఆమెను ఆడవలదనలేదు, ఆడుమనియు అనలేదు. ఒకనాడు తానే, “నాకొక్కసారి ఇవ్వరా” అని అడిగినది. ఇచ్చితిమి. మొదటి బంతి పోయినది. “నీకు రాదులే, మీట విరుగుతుంది” అని చేతిలోనుండి లాగికొంటిమి. యంత్రము ఎవరికైనను ఒక్క బంతితో ఆట ముగింపదు. మేమే ఆమెకు ముగించితిమి. మరుసటియేడు ఆమెకు పెండ్లియైనది. ఇంటర్ తరువాతి చదువు ఆమెకు లేకపోయినది. ఆ రెండు సంగతులకు సంబంధము లేదని ఇన్నాళ్ళు అనుకొంటిమి. ఒక్క బంతి తప్పగానే నీకు రాదని తీర్పుచెప్పు అలవాటు ఆటతోడనే ఆగిపోవునా? అన్నయ్య ఇంటర్‌లో ఒకసారి తప్పినపుడు మరల కట్టుమని నాయనగారు ఫీజు పంపలేదా?

తాళము తీసితిమి. టీవీ పెట్టి నాబు అక్కయ్య చేతికిచ్చితిమి. మా అమ్మాయి ప్రక్కన చేరినది. బంతి దిగెను, పలక ఆలస్యమయ్యెను, బంతి పోయెను. అక్కయ్య నాబును మెల్లగా నేలపై పెట్టి చేయి వెనుకకు తీసికొనెను. ఆట అయిపోయినదనుకొన్నది! ముప్పదియేండ్ల క్రిందటి లెక్క ఆమె చేతిలో నట్లే యున్నది. మాకు మాట రాలేదు. మా అమ్మాయియే, “అత్తయ్యా, ఇంకా నాలుగు బంతులున్నాయి” అని నాబును తిరిగి చేతిలో పెట్టినది.

మూడవ బంతికి ఆమెకు నాబుయొక్క స్వభావము పట్టుబడెను. నాలుగవ బంతి చాలసేపు నిలిచినది. “అబ్బో, బాగా తిప్పుతున్నారే!” అని అమ్మాయి మెచ్చుకొనగా, “రుబ్బురోలు తిప్పిన చెయ్యమ్మా ఇది” అని నవ్వెను. మొత్తము 61 పాయింట్లు. పటిష్ఠమైన లెక్క కాదు. కాని దానిని అమ్మాయి మా నోటుబుక్కులో వ్రాసి, తేదీ వేసి, అత్తయ్య పేరు వ్రాసినది. ఆ పుటలో అంతకుముందు మేము వ్రాసికొన్న గడులు నాలుగు: ప్రతి పేరు, సంవత్సరము, వరుసలు, నాబు స్థితి. అయిదవ గడి లేదు కావున అంచున వ్రాసినది.

ఆ పండుగ నాలుగు దినములలో నాబు వణకుట మొదలిడినది. విప్పి చూడగా పట్టీపై మూడేండ్ల దుమ్ము. అది అక్కయ్య ఆడుటవలన చేరినది కాదు. బీరువాలో ఊరక పడియుండుటవలన చేరినది. అమ్మాయిచేతనే తుడిపించితిమి. మరల బిగించుట మాకంటె ఆమెకే చక్కగా వచ్చినది.

పాత ఆటలను కాపాడుట మంచిదే. బ్రేకవుట్ మూలమున ఎన్ని వరుసలో, గృహప్రతిలో ఎన్ని వరుసలో, ఏది వోజ్నియాక్ చేతిదో, ఏది కాదో తెలిసికొనుట విద్యయే. కాని ఆట యెక్కడనున్నదని మమ్మడిగినచో, క్యాసెట్టులో కాదు, నాబును పట్టిన మణికట్టులో నున్నదని ఇంతకుముందే చెప్పితిమి. అట్టి దానిని తాళము వేసి కాపాడితిమనుట వట్టి మాట. మన యిండ్లలో ఇంకను ఎన్ని బీరువాలకు ఇట్టి తాళములున్నవో, ఎవరి చేతులు ముందుగా వెనుకకు పోవుచున్నవో, చదువరులు తమతమ గుమ్మముల వంక చూచికొందురుగాక. మా బీరువా తాళపుచెవి ఇప్పుడు వంటయింటి మేకునకు వ్రేలాడుచున్నది. నోటుబుక్కులో అయిదవ గడి గీసితిమి. దాని శీర్షిక: ఆడినవారు.